ఎడమ మూలలో ఎవరున్నారు?

రాత్రి తొమ్మిది దాటాక హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి ఎస్సార్ నగర్ వైపు రోడ్డు పొడవునా ట్రావెల్స్ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. బెంగళూరు, తిరుపతి, విశాఖ, చెన్నై బోర్డులు. హాస్టళ్ల నుంచి బ్యాగులు ఈడ్చుకుంటూ వచ్చే కుర్రాళ్లు, వాళ్లను దింపడానికి వచ్చిన బైకులు, ఆటోలు, పైన మెట్రో వంతెన. ఇంత ఇరుకులోకి 12 మీటర్ల బస్సు వచ్చి ఫుట్‌పాత్ పక్కకు ఒరుగుతుంది. దాని వెడల్పు మన మోటారు వాహన నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠ పరిమితి 2.6 మీటర్లకు దగ్గర్లో ఉంటుంది. డ్రైవరు కూర్చునేది కుడివైపు. జనం ఎక్కేది, సామాను సర్దేది, కాస్త సందు దొరికితే బైకు దూరేది ఎడమవైపు.

ఈ అధ్యాయం ఆ ఎడమవైపు గురించి, మరీ ముఖ్యంగా బండి ముందు ఎడమ మూల గురించి. భారీ వాహనాలకు ఇప్పుడు చుట్టూ నాలుగు కెమెరాలు బిగించి, పైనుంచి చూస్తున్నట్టు బొమ్మ చూపించే తెర డ్రైవరు ముందు పెడుతున్నారు. మంచి పరికరమే, ప్రాణాలు కాపాడగలదు. అయితే దాని బలహీనత కూడా సరిగ్గా ఆ మూలలోనే ఉంది. ఎందుకలా ఉంటుందో తెలిస్తే దాన్ని బిగించే పద్ధతీ, వాడే పద్ధతీ మారతాయి.

ముందు డ్రైవరు కళ్లతో చూద్దాం. ఒక లారీలో డ్రైవరు కళ్లు నేలకు 2.5 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. ఎడమ తలుపు కిటికీ కింది అంచు 1.8 మీటర్ల ఎత్తులో, కళ్లకు అడ్డంగా 1.9 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆ అంచును ఒరుసుకుంటూ పోయే చూపు నేలను తాకేసరికి లారీ పక్క నుంచి దాదాపు 5 మీటర్ల అవతలికి పోతుంది. అంతకన్నా దగ్గరున్న నేల కిటికీలోంచి కనబడదు. స్కూటర్ మీద కూర్చున్న మనిషి తల 1.4 మీటర్ల ఎత్తులో ఉంటే, లారీ పక్క నుంచి మీటరు లోపల ఉన్నంతసేపూ ఆ మనిషి హెల్మెట్‌తో సహా మాయం. అతనికి మాత్రం లారీ కొండలా కనబడుతూనే ఉంటుంది. ఇంత పెద్ద బండి నడిపేవాడికి తాను కనబడడంలేదన్న అనుమానం ఎందుకు వస్తుంది?

అద్దాలు లేవా అంటే ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి 46వ నంబరు వాహన నిబంధన భారీ వాహనాలకు అద్దాలను తరగతులుగా విడగొట్టింది. వెనక చూపే పెద్ద అద్దం, విశాలంగా చూపే కుంభాకార అద్దం, తలుపు కింది నేలను చూపే అద్దం, బండి ముక్కు ముందు చూపే అద్దం. ఒక్కోదానిలో ఒక్కో ముక్క. పంజగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడగానే డ్రైవరు వాటన్నిటినీ వరసగా చూసి, ముందున్న ఆటోను చూసి, ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి చూసి కదలాలి. చివరి అద్దం చూసేసరికి మొదటి అద్దంలోకి ఓ బైకు వచ్చి ఉంటుంది.

మలుపులో ఇంకో సంగతి ఉంది. బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు, వెనక ఇరుసుల మధ్య 6 మీటర్లున్న బస్సు ముందు ఇరుసు మధ్యభాగం 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందనుకుంటే, పైథాగరస్ సూత్రం చాలు: వెనక ఇరుసు తిరిగేది 8 మీటర్ల వ్యాసార్ధంలో. అంటే 2 మీటర్లు లోపలికి. ఎడమకు తిరిగే బస్సు ముక్కు తనను దాటిపోయింది కదా అని ఫుట్‌పాత్ పక్కన నిశ్చింతగా నిలబడ్డ బైకు మీదికి కాసేపట్లో బస్సు నడుం వచ్చేది ఇందుకే.

ఈ ఖాళీని ఇన్నేళ్లూ పూడ్చింది క్లీనరు. ఎడమ తలుపు దగ్గర నిలబడి, తల బయటపెట్టి, రేకు మీద అరచేత్తో చరుస్తూ "రైట్, రైట్" అనే మనిషి. వెనక్కి తీసేటప్పుడు దిగి, అద్దంలో డ్రైవరుకు కనబడే చోట నిలబడి "రానీ, రానీ, హోల్డాన్" అని అరిచే మనిషి. ప్రమాదం వచ్చే చోటే నిలబడి, డ్రైవరు చెవికి చేరేలా ఒక్క మాటలో చెప్పే ఈ ఏర్పాటును నేను తక్కువగా చూడను. కెమెరాలు పెట్టించాం కాబట్టి క్లీనరు అక్కర్లేదు, స్కూలు బస్సులో ఆయా అక్కర్లేదు అని లెక్క వేసే యజమాని భద్రతను కొన్నట్టు కాదు, అమ్ముకున్నట్టు.

ఇక కెమెరాలు. బండి చుట్టూ చూపే ఈ పద్ధతిని మార్కెట్లోకి తెచ్చినవాళ్లలో నిస్సాన్ మొదటిది. 2007లో ఇన్ఫినిటీ ఈఎక్స్35 కారులో పెట్టింది. తర్వాత బస్సులకు, లారీలకు, గనుల్లో తిరిగే డంపర్లకు పాకింది. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు పక్కలా చెరొకటి. ఒక్కో కెమెరా కటకం దాదాపు 180 డిగ్రీలు చూస్తుంది. అంత విశాలంగా చూసే కటకం గీతలను విల్లులా వంచేస్తుంది. కంట్రోల్ బాక్సులోని చిప్ ఆ వంపు తీసేసి, నాలుగు బొమ్మలనూ నేల మీద పరిచి, అంచులు అతికి, మధ్యలో బండి బొమ్మ పెట్టి తెర మీదికి పంపుతుంది. పైన ఏ కెమెరా లేదు. ఆ బొమ్మ తీసినది కాదు, లెక్కగట్టినది.

లెక్కకు ఆధారం ఒక ఊహ: కెమెరాకు కనబడే ప్రతి చుక్కా నేల మీదే ఉంది. రోడ్డు మీద తెల్లగీత, మ్యాన్‌హోల్ మూత, నీటి మడుగు నేల మీదే ఉంటాయి కాబట్టి అవి చక్కగా కుదురుతాయి. నిలబడ్డ మనిషి నేల మీద లేడు, నేల మీంచి పైకి ఉన్నాడు. అతణ్ని ఈ లెక్క ఏం చేస్తుంది?

కెమెరా తీసేసి ఆ స్థానంలో ఒక వీధి దీపం పెట్టారనుకోండి. మనిషి నీడ ఎక్కడ పడుతుందో, తెర మీద మనిషి బొమ్మ సరిగ్గా అక్కడే సాగిపోయి పడుకుంటుంది. కెమెరా 3 మీటర్ల ఎత్తులో ఉంది, మీటరు దూరంలో ఒకటిన్నర మీటర్ల మనిషి నిలబడ్డాడు. అతని పాదాలు తెర మీద మీటరు దగ్గరే ఉంటాయి, తల మాత్రం 2 మీటర్ల దగ్గర పడుతుంది. కాబట్టి తెర మీద దూరం అంచనా వేయాల్సింది పాదాలను బట్టి, బైకైతే చక్రం నేలను తాకే చోటును బట్టి. బొమ్మలో పెద్దగా, రంగురంగులుగా కనబడేది తల, చొక్కా. కన్ను వాటి మీదికే పోతుంది. "ఇంకా రెండు మీటర్లుందిలే" అనిపిస్తుంది. ఉన్నది ఒక మీటరే.

ఇప్పుడు మూలకు వద్దాం. ముందు కెమెరా బండి ముక్కు మధ్యలో, పక్క కెమెరా బండి పక్కన. ముందు ఎడమ మూల దగ్గర నిలబడ్డ మనిషి మీద రెండు దీపాల వెలుగూ పడుతోందనుకోండి. ముందు దీపం వల్ల నీడ ఎడమ పక్కకు పడుతుంది, పక్క దీపం వల్ల నీడ ముందుకు పడుతుంది. తెర మీద ఆ మూల నుంచి ఏటవాలుగా ఒక అతుకు గీత ఉంటుంది. దానికి ఇవతలి భాగం ముందు కెమెరాది, అవతలిది పక్క కెమెరాది. ముందు కెమెరా వేసిన నీడ పక్క కెమెరా హద్దులోకి పోయింది కాబట్టి చిప్ దాన్ని కత్తిరించి పారేస్తుంది. పక్క కెమెరా వేసిన నీడ ముందు కెమెరా హద్దులోకి పోయింది, అదీ పోతుంది. మిగిలేది పాదాల దగ్గర చిన్న మచ్చ. నిండు మనిషి, రెండు కెమెరాలకూ స్పష్టంగా కనబడుతున్న మనిషి, అతికిన బొమ్మలో లేకుండా పోతాడు.

సమస్య ఏ కెమెరా చెడిపోవడమూ కాదు. అన్నీ బాగా పనిచేస్తున్నప్పుడే ఇది జరుగుతుంది. అందుకే కెమెరాలు అమర్చేవాళ్లకైనా, కొనేవాళ్లకైనా నేను మొదట చెప్పేది అతుకు గురించే. మంచి వ్యవస్థల్లో అతుకును పదునుగా కత్తిరించకుండా వెడల్పు పట్టీలో రెండు బొమ్మలనూ కలుపుతారు. మనిషి రెండుగా, దయ్యంలా కనబడతాడు, కానీ కనబడతాడు. ఇంకా మంచిది, ఎడమ ఇండికేటర్ వేయగానే అతుకు పక్కకు జరిగి మూల మొత్తం ఒకే కెమెరా చేతికి రావడం, తెర సగంలో ఆ కెమెరా చూసిన అసలు బొమ్మ అతుకుల్లేకుండా తెరుచుకోవడం. దీనికి ఇండికేటర్ వైరును కంట్రోల్ బాక్సుకు కలపాలి. చాలా బళ్లలో రివర్స్ లైటు వైరు ఒక్కటి కలిపి ఊరుకుంటారు. రివర్స్ గేరు వేస్తే వెనక బొమ్మ వస్తుంది, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. మలుపు దగ్గర పనికొచ్చే వైరు అలాగే చుట్టబెట్టి టేపు వేసి ఉంటుంది. ఆ వైరు కలిపేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఇండికేటర్ వెలిగి ఆరుతుంది కాబట్టి తెర కూడా వెలిగి ఆరకుండా, సంకేతాన్ని కాసేపు పట్టి ఉంచే సెట్టింగ్ బాక్సులో ఉందో లేదో చూసుకోవాలి.

అతుకులు కుదరాలంటే ప్రతి కెమెరా ఎక్కడ ఉంది, ఏ కోణంలో చూస్తోంది అన్నది చిప్‌కు తెలియాలి. అందుకు బండి నాలుగు మూలలా నలుపు తెలుపు గళ్ల చాపలు పరిచి, మధ్య దూరాలు టేపుతో కొలిచి, కెమెరాలకు చూపిస్తారు. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. 12 మీటర్ల బస్సు చుట్టూ మూడేసి మీటర్లు కావాలంటే 18 మీటర్లకు ఎనిమిదిన్నర మీటర్ల చదును నేల కావాలి. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో అది దొరకదు. రోడ్డు వారగా, ఓ చక్రం పేవర్ బ్లాకుల మీద, ఓ చక్రం తారు మీద ఉండగా చాపలు పరిస్తే కొలతలన్నీ వంకరే. కెమెరా కోణంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే, 3 మీటర్ల ఎత్తున్న కెమెరాకు 3 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు, 6 మీటర్ల దూరంలో 26 సెంటీమీటర్లు తప్పుతుంది. అదే బండి బరువెక్కి 10 సెంటీమీటర్లు కిందికి దిగితే, 3 మీటర్ల దగ్గర వచ్చే తేడా కూడా 10 సెంటీమీటర్లే. అంత బరువెక్కితే తప్ప రాని తేడాను వదులైన ఒక్క బోల్టు తెచ్చిపెడుతుంది.

ఇక్కడినుంచి ఓ నియమం దానంతటదే వస్తుంది: కదిలే దేనికీ కెమెరా బిగించకూడదు. పక్క కెమెరాను అద్దం చెయ్యికి బిగించడం తేలిక, వైరుకు దారి అప్పటికే ఉంటుంది. కానీ మన వీధుల్లో బస్సు అద్దం రోజూ ఏదో ఒకదానికి తగిలి మడుచుకుంటుంది, క్లీనరు దాన్ని చేత్తో లాగి సర్దుతాడు. కాలిబ్రేషన్ ఆ రోజుతో సరి. తలుపు రెక్కకూ వద్దు, డిక్కీ మూతకూ వద్దు. బాడీకి, గట్టి చట్రం ఉన్న చోట, వీలైనంత ఎత్తులో బిగించాలి. ఎత్తు పెరిగేకొద్దీ నీడ పొట్టిదవుతుంది. అదే ఒకటిన్నర మీటర్ల మనిషి, అదే మీటరు దూరం, కెమెరా 2 మీటర్ల ఎత్తులో ఉంటే తల 4 మీటర్ల దగ్గర పడుతుంది. రంధ్రం వేసేముందు లోపల ఏముందో చూడాలి: అద్దాల ఫ్రేము, ఏసీ పైపులు, సీఎన్‌జీ బండైతే గ్యాసు పైపులు. వేసిన రంధ్రానికి రబ్బరు ఉంగరం (గ్రోమెట్) పెట్టాలి. వైరు కెమెరా దగ్గర కిందికి ఒక వంపు తిరిగి లోపలికి పోవాలి. అప్పుడు వానపడితే నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లోపలికి పాకవు.

కరెంటు దగ్గర తేలిగ్గా తీసుకోవడం మరీ ప్రమాదం. కార్లవి 12 వోల్టులు, లారీలవీ బస్సులవీ 24. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఛార్జింగ్‌తో అది 28 దాకా పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. కారు సామాన్ల దుకాణంలో కొన్న కిట్‌ను దీనికి తగిలిస్తే కాలిపోతుంది, లేకపోతే సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బాక్సు మళ్లీ మొదటినుంచి లేస్తుంది. తెర వెలిగేలోపే తొందర మీదున్న డ్రైవరు బండి కదిలిస్తాడు. 24 వోల్టులకు తయారైన పరికరమే కావాలి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది కెమెరాను కాదు, వైరును. లారీ బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఇవ్వగలదు. కెమెరా వైరు లాంటి సన్నని తీగ అంత కరెంటుకు ఎర్రగా కాలుతుంది. స్లీపర్ బస్సులో ఆ తీగ పక్కన ఉండేవి ఫోము పరుపులు, కర్టెన్లు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర ఓ బస్సు మంటల్లో 45 మంది ఎలా పోయారో తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. అది కల్వర్టుకు గుద్దుకుని డీజిల్ అంటుకున్న ప్రమాదం, వైరింగ్ వల్ల జరిగింది కాదు. కానీ బస్సులో మంట ఎంత వేగంగా కమ్ముకుంటుందో చూపించింది. అలాంటి బండిలో ఫ్యూజు లేని తీగ ఒక్కటి కూడా ఉండకూడదు.

తెర ఎక్కడ పెట్టాలి? డాష్‌బోర్డు మధ్యలో పెడితే డ్రైవరు అటు చూస్తున్నంతసేపూ రోడ్డునూ, అద్దాన్నీ వదిలేసినట్టే. ఎడమ అద్దం వైపు చూపు పోయే దారిలో, ముందు అద్దానికి అడ్డం రాకుండా పెడితే ఒకే చూపులో రెండూ అందుతాయి. పగటి వెలుగుకు సరిపెట్టిన తెర రాత్రి కళ్లలో గుచ్చుతుంది కాబట్టి వెలుగు దానంతటదే తగ్గాలి. కెమెరాకూ వెలుగుతో చిక్కుంది. అమీర్‌పేట స్టేషన్ దగ్గర రెండు మెట్రో లైన్లు ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. కింద మధ్యాహ్నం కూడా నీడ, నాలుగడుగులు వేస్తే మండుటెండ. ముందు కెమెరా ఎండలో, వెనక కెమెరా నీడలో ఉన్నప్పుడు రెంటినీ సమంగా చూపగల, వెలుగు తేడాలు తట్టుకునే కెమెరా కావాలి. లేకపోతే నీడలో నల్లచొక్కా మనిషి నల్లటి మచ్చలో కలిసిపోతాడు.

తెర మీద కనబడేది కూడా ఈ క్షణానిది కాదు. బొమ్మ తీసి, వంపు విప్పి, అతికి చూపేసరికి కొంత ఆలస్యమవుతుంది. 46వ నిబంధన అద్దాలకు బదులు వాడే కెమెరాలకు ఈ ఆలస్యం సెకనులో ఐదోవంతు మించకూడదంటుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పాకే బస్సు ఆపాటికి 28 సెంటీమీటర్లు పోతుంది. దానికి మనిషి ఆలస్యం కూడా తోడవుతుంది. లండన్ రవాణా సంస్థ కోసం లీడ్స్ విశ్వవిద్యాలయం చేసిన పరిశోధనలో, కిటికీలోంచి నేరుగా చూసిన డ్రైవర్లకన్నా అద్దాల్లోనో, తెర మీదనో చూసిన డ్రైవర్లు స్పందించడానికి సగటున 0.7 సెకన్లు ఎక్కువ తీసుకున్నారని తేలింది. అందుకే లండన్ నగరం కెమెరాల దగ్గర ఆగలేదు. 12 టన్నులు దాటిన లారీ క్యాబిన్‌లోంచి డ్రైవరుకు నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి, సున్నా నుంచి ఐదు దాకా నక్షత్రాలిచ్చి, 2021 మార్చి నుంచి అనుమతి తప్పనిసరి చేసింది. 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాలకు తక్కువైన లారీలకు అదనపు భద్రతా పరికరాలుంటేనే దారి. మన దగ్గర ఎడమ తలుపు కిటికీ మీద స్టిక్కర్లు, ముందు అద్దం మీద దేవుడి పటాలు, దండలు, పూసల తోరణాలు కట్టి, ఆ తర్వాత కెమెరాలు కొంటున్నారు. భక్తికి క్యాబిన్‌లో వేరే చోటు దొరుకుతుంది. చూపుకు దొరకదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025లో ఇచ్చిన ముసాయిదా నిబంధనల్లో బస్సులకూ లారీలకూ కనబడని పక్కల్లో మనుషులుంటే చెప్పే పరికరాలు, కదిలేముందు బండి ముందు ఎవరైనా ఉంటే హెచ్చరించే పరికరాలు కూడా ఉన్నాయి. మంచిదే. అయితే పంజగుట్టలో సాయంత్రం ఆరింటికి బస్సు చుట్టూ బైకులు లేని క్షణం ఉండదు. దగ్గర్లో ఏదున్నా కూత పెట్టే పరికరం అక్కడ ఆగకుండా కూస్తూనే ఉంటుంది. డ్రైవరు మొదటి రోజు వింటాడు, రెండో రోజు విసుక్కుంటాడు, మూడో రోజు వైరు పీకేస్తాడు. అతణ్ని నేను తప్పుపట్టను. కూత రెండు సందర్భాల్లోనే రావాలి: ఆగిన బండి కదలబోతున్నప్పుడు ముందు మనిషి ఉంటే, ఇండికేటర్ వేసిన పక్క ఎవరైనా ఉంటే. మిగతా సమయంలో తెర మీద చిన్న రంగు గుర్తు చాలు.

ఈ కెమెరాలు చేయలేని పని కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయింది, మంటలంటుకున్నాయి. చుట్టూ చూపే తెర బండి చుట్టూ కొన్ని మీటర్లే చూపిస్తుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనులో 22 మీటర్లు దాటుతుంది. హైవే మీద పనికొచ్చేవి హెడ్‌లైట్లు, నిద్రపోని డ్రైవరు, దూరం చూసే రాడార్, దానంతటదే పడే బ్రేకు. చుట్టూ చూపే తెర నత్తనడక వేగానికి, మలుపులకు, స్టాపులకు, డిపోల్లో వెనక్కి తీయడానికి పుట్టింది. వేగం 20, 30 దాటగానే అది ఆరిపోయేలా అమర్చడమే మంచిది.

బిగించడం అయ్యాక డబ్బులిచ్చేముందు ఒక పరీక్ష చేయించండి. డ్రైవరు సీట్లో కూర్చోవాలి. ఇంకొకరు 90 సెంటీమీటర్ల కర్ర, అంటే మూడేళ్ల పిల్లంత ఎత్తున్నది, నిలువుగా పట్టుకుని తాము దూరంగా ఉంటూ బండి చుట్టూ ఓ అడుగు ఎడంతో నడిపించాలి. తెర మీద కర్ర పోయిన ప్రతి చోటా నేల మీద సుద్దతో గీయాలి. నాలుగు మూలల దగ్గర రెండేసి సార్లు, నెమ్మదిగా. తర్వాత మీటరు ఎడంతో మళ్లీ ఒక చుట్టు. గీతలు పడ్డ చోట్లన్నీ డ్రైవరు దిగి తన కళ్లతో చూడాలి. ఆ బండి మీదికి కొత్త డ్రైవరు వచ్చినప్పుడల్లా ఇదే పరీక్ష మళ్లీ చేయాలి.

రోజూ చేయాల్సింది ఇంకా తక్కువ. బండి చుట్టూ ఒకసారి నడవడం, నాలుగు కటకాలూ తడి గుడ్డతో తుడవడం. వానాకాలంలో ట్రిప్పు మధ్యలో కూడా, ముఖ్యంగా వెనక కెమెరా, చక్రాలు ఎగజిమ్మే బురదంతా దాని మీదే పడుతుంది కాబట్టి. తెర నల్లబడితే అందరికీ తెలుస్తుంది. బొమ్మ బిగుసుకుపోతే తెలియదు. అరనిమిషం క్రితం ఖాళీగా ఉన్న ఎడమ పక్కను తెర ఇప్పటికీ ఖాళీగానే చూపిస్తూ ఉంటుంది. అందుకే క్లీనరు గుడ్డతో తుడిచేటప్పుడు డ్రైవరు సీట్లో ఉండి, ప్రతి కెమెరా ముందూ ఆ చెయ్యి ఆడడం తెర మీద చూడాలి. ఒక్క కెమెరాలో చెయ్యి ఆడకపోయినా తెర పూర్తిగా ఆపేసి, ఆ ట్రిప్పు అద్దాలతో, క్లీనరు కేకలతో నడపాలి. సగం పనిచేసే తెరను వెలిగించి ఉంచకూడదు.